పదేండ్ల నిరీక్షణ

అమెరికాలో 2001 అక్టోబరు 16వ తేదీన ప్రారంభమైన ‘స్మాల్‌విల్’ అను టెలివిజన్ ధారావాహిక 2011 మే 13వ తేదీన ముగిసెను. కాన్సాస్ రాష్ట్రమున రైతుదంపతులు పెంచిన క్లార్క్ కెంట్ సూపర్‌మాన్ అగుటయే దాని ఇతివృత్తము. నాయకుడు ఎగురరాదు, ఆ ప్రసిద్ధవేషము ధరింపరాదు అని నిర్మాతలు ఆదియందే నియమము పెట్టుకొనిరి. నియమము ఎన్నడు సడలునా యని ప్రేక్షకులు ఎదురుచూచిరి. బడిపిల్లలుగా చూడ మొదలిడినవారు పెద్దవారైరి.

తుదకు క్లార్క్ ఎగిరెను. కాని వేషధారియైన అతనిని దూరమునుండియు, సగము సగముగాను మాత్రమే చూపిరి. చొక్కా తెరువగా రొమ్ముపై చిహ్నము కనబడుటతో కథ సమాప్తమయ్యెను.

కొందరు అభిమానులు ఆగ్రహించిరి. వేషము ధరించిన పిదప జరుగునది వేరొక కథ, బాలుని కథ ఇంతటితో ముగియుటయే న్యాయమని మరికొందరు తృప్తిచెందిరి. ఇరువురి మాటయందును సత్యము కలదు. ఆశ పెంచినవాడు ఋణస్థుడే. అయినను ఆగ్రహించినవారు కోరినది వస్త్రమును కాదు; తమ కన్నుల యెదుట పెరిగినవానిని ఒక్కసారి నిండుగా చూచుట.

ఈ కోరిక ఉపాధ్యాయులకు క్రొత్త కాదు. ఏండ్ల తరబడి చదువు చెప్పిన విద్యార్థి ప్రయోజకుడైన దినమున వారికిని దూరమునుండియే కనబడును.