చిన్న కుక్క అన్నం ముట్టడం లేదా? కొత్త ప్యాకెట్ కొనేముందు ఇవి చూడండి

ఈ ఎపిసోడ్ అనంతపురం నుంచి ఒక అమ్మ అడిగిన ప్రశ్న మీద చేస్తున్నాను. వాళ్లింట్లో నాలుగు కిలోల పామరేనియన్ ఉంది. "ఏం పెట్టినా తింటాలేదు సార్, ముక్కు తిప్పుకొంటాది. మూడు కంపెనీలు మార్చినాం. ఏది మంచిదో ఒక్క పేరు చెప్పండి చాలు" అన్నారు.

పేరు చెప్పడం నాకు రెండు సెకన్ల పని. కానీ పేరు చెప్తే మీ కుక్కకి మేలు జరగదు. ఎందుకంటే "ఏ ఫుడ్ పెట్టాలి" అనే ప్రశ్న కంటే ముందు ఇంకో ప్రశ్న ఉంది. అసలు అది ఎందుకు తినడం లేదు? ముందే చెప్తున్నా, నేను డాక్టర్‌ని కాను. పదిహేనేళ్లుగా కుక్కల్ని పెంచుతున్నవాణ్ణి. ఒక తప్పు చేసి నేర్చుకున్నవాణ్ణి.

ఆ తప్పేంటో చెప్తాను. మా మొదటి కుక్క పేరు స్నోయి. బాగా తినేది. ఒక జూన్‌లో ఉన్నట్టుండి తిండి మానేసింది. "ఎండకి మొండికేసింది" అనుకున్నాం. సోమవారం ఒక ప్యాకెట్, బుధవారం ఇంకోటి, శుక్రవారం కోడికూర. కూర నాలుగు ముద్దలు తింది, "చూశారా, దీనికి నాలుక రుచి మరిగింది" అని నవ్వుకున్నాం. ఆదివారానికి చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి. డాక్టర్ చెవి మడత తీసి చూపిస్తే లోపల పిడుదులు. మనవైపు గోమార్లు అంటాం కదా, అవి. పిడుదుల జ్వరం. రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోయాయి. వారం ముందు తీసుకొచ్చి ఉంటే మందుతో తగ్గేదేమో. మేం ఆ వారమంతా ప్యాకెట్లు మార్చుకుంటూ కూర్చున్నాం. అది దక్కలేదు.

అందుకే మొదటి మాట ఇది. ఎప్పుడూ ఏరుకుని తినే కుక్క వేరు, బాగా తింటూ తింటూ మానేసిన కుక్క వేరు. మొదటిది గంతులేస్తుంది, బరువు తగ్గదు, బిస్కెట్ కవరు చప్పుడైతే పరుగెత్తుకొస్తుంది. అది అలవాటు. రెండోది రుచి సమస్య కాదు, అది చెప్పుకుంటున్న బాధ. పెద్ద కుక్క ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే, లేదా వాంతులు, జ్వరం, పాలిపోయిన చిగుళ్లు, ముక్కు నుంచి రక్తం కనిపిస్తే ప్యాకెట్ల షాపుకి కాదు, పశువుల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. చిన్న జాతి పిల్లలైతే ఒక రోజు కూడా ఆగకూడదు. కొన్ని గంటలు తినకపోయినా రక్తంలో చక్కెర పడిపోయి తూలిపోతాయి. నోరు కూడా తెరిచి చూడండి. చిన్న కుక్కల దవడలో పళ్లు ఇరుకిరుగ్గా ఉంటాయి, గార పట్టి చిగుళ్లు తొందరగా చెడతాయి. నమలలేక గట్టి గింజలు వదిలేసి పెరుగన్నం మాత్రమే తినే కుక్కని మనం "గారాబం" అంటున్నాం.

సరే, ఒంట్లో బాగానే ఉందని తేలింది అనుకుందాం. ఇప్పుడు రెండోది, లెక్క.

ముందు కుక్కని తూచండి. మీరు ఒకసారి, దాన్ని ఎత్తుకుని ఇంకోసారి కాటా ఎక్కండి, తేడానే దాని బరువు. మన దగ్గర పామరేనియన్ అని పిలిచేవాటిలో చాలా వరకు ఇండియన్ స్పిట్జ్‌లు. 1994లో వచ్చిన "హమ్ ఆప్కే హై కౌన్" సినిమాలో టఫీ ఉంది చూశారా, అది స్పిట్జే. అసలు పామరేనియన్ రెండు మూడు కిలోలు దాటదు, స్పిట్జ్ అంతకు రెట్టింపు ఉంటుంది. జాతి పేరు చూసి కొలత వేస్తే తప్పుతుంది. బరువు చూసి వేయాలి.

ఇంట్లో తిరిగే నాలుగు కిలోల పెద్ద కుక్కకి రోజుకి సుమారు 300 కేలరీలు చాలు. ఎండు గింజల ఫుడ్ అయితే 100 గ్రాములకి 350 నుంచి 400 కేలరీలు ఉంటాయి. అంటే రోజు మొత్తానికి 75, 80 గ్రాములు. అంతే! పూటకి ఒక గుప్పెడు. మనం గిన్నె నిండా పోసి, అందులో గుప్పెడే తింటే "తినలేదు" అంటున్నాం.

ఇప్పుడు బిస్కెట్ల సంగతి. మామూలు గ్లూకోజ్ బిస్కెట్ ఒకటి 20 కేలరీల పైనే. పొద్దున టీ దగ్గర తాత రెండు వేస్తాడు, బడి నుంచి వచ్చి పిల్లలు రెండు, రాత్రి మీరొకటి. ఐదు బిస్కెట్లకి వంద కేలరీలు దాటిపోయాయి. రోజు తిండిలో మూడో వంతు! మధ్యలో ఇంత ఓళిగ ముక్క. ఇంక గిన్నె ముందు ముక్కు తిప్పక ఏం చేస్తుంది? చిరుతిళ్లు మొత్తం తిండిలో పదో వంతు దాటకూడదు. నాలుగు కిలోల కుక్కకి అది 30 కేలరీలు. ఒక బిస్కెట్ అన్నమాట. ఇంట్లో అందరూ కూర్చుని ఎవరు ఏం వేస్తున్నారో ఒక రోజు కాగితం మీద రాయండి. చాలా ఇళ్లలో జబ్బు అక్కడే దొరుకుతుంది.

మూడోది, మన ఎండ. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఊరు మనది. ఎండలో కుక్కకి ఆకలి తగ్గడం సహజం. పొద్దున ఆరింటికి ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి పెట్టండి. మధ్యాహ్నం నీళ్లు చాలు. ఇంకో సంగతి, గింజల్లో కొవ్వు ఉంటుంది. రేకుల గదిలో పెట్టినా, షాపులో మూత తీసిన డబ్బాలోంచి లూజ్‌గా కొన్నా ఆ కొవ్వు ఎండకి ముక్కిపోతుంది. మనకి వాసన తెలియదు, దానికి తెలుస్తుంది. అప్పుడు అది తినకపోవడం పొగరు కాదు, తెలివి. అందుకే చిన్న ప్యాకెట్ కొనండి, తేదీ చూడండి, తెరిచాక నెల రోజుల్లో అయిపోయేలా. ఆ కవరుతో సహా స్టీలు డబ్బాలో పెట్టి చల్లని మూలలో ఉంచండి.

ఇక ప్యాకెట్ ఎలా ఎంచుకోవాలి? ముందు వైపు బొమ్మలు వదిలేసి వెనక్కి తిప్పండి. ఒకటి, "కంప్లీట్" ఫుడ్ అని, ఏ వయసుకో రాసి ఉండాలి. కొన్ని పౌచ్‌లు రుచికోసం పైన కలుపుకునేవే, వాటి మీదే బతికితే పోషకాలు చాలవు. రెండు, ప్రొటీన్. ఎండు ఫుడ్ మీద 24 శాతం, గ్రేవీ పౌచ్ మీద 8 శాతం ఉంటే పౌచ్ నాసిరకం అనుకోకండి. పౌచ్‌లో 80 శాతం నీళ్లే. నీళ్లు తీసేసి లెక్కేస్తే ఆ 8 కాస్తా 40 అవుతుంది, గింజల 24 కాస్తా 27 దగ్గర ఆగుతుంది. మూడు, గింజ సైజు. చిన్న నోటికి చిన్న గింజ.

ఇంట్లోనే వండి పెడతాం అంటారా? మంచిదే, కానీ ఉత్త పెరుగన్నం చాలదు. మన నాలుగు కిలోల కుక్కకి రోజుకి కనీసం 13, 14 గ్రాముల ప్రొటీన్ కావాలి. ఉడికించిన గుడ్డులో ఆరు గ్రాములు, ఎముకలేని 50 గ్రాముల ఉడికిన చికెన్‌లో 13 పైన. వాటికి కాస్త అన్నమో, కొర్రన్నమో, సంగటో, ఉడికిన గుమ్మడి ముక్కో కలపండి. "రాగిలో కాల్షియం ఉంది కదా సార్" అంటారు. ఉంది. 100 గ్రాముల పిండిలో 340 మిల్లీగ్రాముల పైనే. కానీ దీనికి రోజుకి దాదాపు 375 కావాలి. అంత రాగి పెడితే ఆ రోజు కేలరీలన్నీ సంగటికే సరిపోతాయి, గుడ్డుకి చోటుండదు. పైగా రాగిలోని కాల్షియం అంతా ఒంటికి పట్టదు. కాబట్టి రోజూ ఇంటి వంటే అయితే కాల్షియం, విటమిన్ల మందు ఎంతో డాక్టర్‌ని అడిగి వేయాల్సిందే. ఉడికిన ఎముకలు మాత్రం వద్దు, విరిగి గుచ్చుకుంటాయి. ఉల్లి, వెల్లుల్లి రక్తకణాల్ని దెబ్బతీస్తాయి. అంటే మిగిలిన ఉగ్గాని, ఊరిబిండి, కూర పులుసు ఏవీ దాని గిన్నెలోకి పోకూడదు.

ఇక మన నేలకే ప్రత్యేకమైన మాట ఒకటి. చెనిక్కాయలు. ఇక్కడ ఏడాదికి సగటు వాన 550 మిల్లీమీటర్లు, పంట చివర్లో బెట్ట తగలడం మామూలే. సరిగ్గా ఆ చివరి బెట్టకే కాయలో ఒక బూజు చేరుతుంది. అది వదిలే విషం పేరు అఫ్లటాక్సిన్. 1960లో ఇంగ్లండులో లక్ష పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండి మేతలో ఈ విషం బయటపడింది. కుక్క కాలేయం దీనికి అస్సలు తట్టుకోదు. 2020 చివర్లో అమెరికాలో ఇదే విషం ఉన్న డాగ్ ఫుడ్ తిని వందకు పైగా కుక్కలు చనిపోయాయని అక్కడి ఎఫ్‌డీఏ చెప్పింది. దాని తొలి లక్షణాల్లో ఒకటి ఏంటో తెలుసా? తిండి మానేయడం. ఉడికించినా, వేయించినా ఈ విషం పూర్తిగా పోదు. కాబట్టి ఏరి పారేసిన నల్ల గింజలు, బూజు వాసన వచ్చే చెనిక్కాయ చెక్క కుక్క సంగటిలో కలపకండి. "కుక్కే కదా" అనుకునే చోటే ప్రమాదం.

చివరగా అలవాటు మార్చడం. కొత్త ఫుడ్‌ని పాతదాంట్లో నాలుగో వంతుతో మొదలుపెట్టి వారం రోజుల్లో పూర్తిగా మార్చండి. గోరువెచ్చని నీళ్లు చిలకరిస్తే వాసన లేస్తుంది. గిన్నె ఇరవై నిమిషాలు ఉంచండి, తినకపోతే తీసేయండి. మళ్లీ రాత్రికే. మధ్యలో బతిమాలడం, ముద్దలు తినిపించడం వద్దు. మీరు బతిమాలితే "ఆగితే కూర వస్తుంది" అని అది నేర్చుకుంటుంది. ఇది ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కకే సుమా, పిల్లలకీ, నీరసంగా ఉన్నవాటికీ కాదు.

ఆ అమ్మకి ఇవే చెప్పాను. చెవులు, చిగుళ్లు చూశారు, శుభ్రంగా ఉన్నాయి. లెక్క రాస్తే రోజుకి ఏడు బిస్కెట్లు తేలాయి! అందులో నాలుగు తాతగారివి. ఇప్పుడు ఆయన జేబులో బిస్కెట్‌కి బదులు కుక్క గింజలే పెట్టుకుంటున్నారట, దాని పొద్దుటి వాటాలోంచే. తాతకి తృప్తి, కుక్కకి తిండి.

మా ఇంట్లో ఇప్పుడున్న కుక్క పేరు చింటూ. అది ఒక పూట ముక్కు తిప్పితే నేను ప్యాకెట్ వైపు చూడను. ముందు చెవి మడత తీస్తాను. మీరూ అదే చేయండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.