‘ఏం చేస్తున్నావు?’ అంటే తల దించుకోవద్దు

ఆదివారం ఆరాధన అయిపోయింది. తగరపువలసలో ఏ చర్చి ముందు చూసినా ఆ పది నిమిషాలూ పలకరింపులే. డిగ్రీయో బీటెకో పూర్తిచేసిన కుర్రాడికి ఎదురయ్యే ప్రశ్న మాత్రం ఒకటే... ‘ఏటి బాబూ, ఏం చేస్తన్నావు ఇప్పుడు?’

అడిగిన పెద్దాయనకి చెడు ఉద్దేశమేమీ ఉండదు. ‘నీకోసం ప్రార్థన చేస్తాంలే’ అని భుజం తట్టి మరీ వెళ్తారు. అయినా కుర్రాడి మొహం చిన్నబోతుంది. ‘ప్రిపేర్ అవుతున్నానండీ’ అని గొణిగి పక్కకి తప్పుకుంటాడు. నాలుగు వారాలు పోయేసరికి ఆరాధనకి ఆలస్యంగా వచ్చి, చివరి పాట అవకుండానే బండి తీస్తాడు. డెలివరీ పని చేస్తున్న వాడైతే ఆ మాట అస్సలు బయటపెట్టడు. బీటెక్ చదివి ఇదా అంటారని భయం.

ఈ ప్రశ్న అన్ని మతాల ఇళ్లలోనూ ఉన్నదే. పెళ్లి పందిట్లో, గుడి మెట్ల దగ్గర కూడా వినిపిస్తుంది. కానీ క్రైస్తవ కుటుంబాల్లో పెరిగిన యువత ఒక్క విషయం గుర్తుచేసుకోవాలి. వాళ్లు చిన్నప్పటి నుంచి వింటున్న కథల్లోనే దీనికి జవాబుంది.

వడ్రంగి, డేరాలు కుట్టేవాడు, తోళ్ల పనివాడు

యేసు సొంతూరు నజరేతు. ఆయన అక్కడికొచ్చి బోధిస్తే ఊరివాళ్లు ఆశ్చర్యపోయారు. ఆ వెంటనే, ఈయన మన ఊరి వడ్రంగే కదా, ఇంత జ్ఞానం ఎక్కడిదన్నట్టు తేలిగ్గా మాట్లాడారని మార్కు సువార్త ఆరో అధ్యాయం చెబుతుంది. అంటే చేసే పనిని బట్టి మనిషికి వెల కట్టే అలవాటు రెండు వేల ఏళ్ల కిందటే ఉంది. దాన్ని ఎదుర్కొన్నవాళ్లలో యేసు కూడా ఒకరు.

పెద్ద చదువు చదివిన పౌలు కొరింథు పట్నంలో అకుల, ప్రిస్కిల్ల దంపతుల ఇంట్లో ఉంటూ వాళ్లతో కలిసి డేరాలు కుట్టాడు. ఎవరికీ భారం కాకూడదని రాత్రీ పగలూ కష్టపడ్డానని తన లేఖల్లో రాసుకున్నాడు. ఇక పేతురు యొప్పేలో చాలా రోజులు బస చేసింది సీమోను అనే తోళ్లు శుద్ధిచేసే వ్యక్తి ఇంట్లో. తోళ్ల పనిని ఆనాటి యూదు సమాజం తక్కువగా చూసేది. ఆ గుమ్మం తొక్కడమే పేతురు వేసిన పెద్ద అడుగు.

క్యాథలిక్ సంఘం మే 1న ‘కార్మికుడైన యోసేపు’ పండుగ చేసుకుంటుంది. 1955లో పన్నెండో పయస్ పోపు దీన్ని ప్రకటించారు. కార్మికుల దినం రోజే వడ్రంగి యోసేపును తలచుకోవాలన్నది ఉద్దేశం.

కరువులో కూలి

ఇవన్నీ ఎక్కడో జరిగినవి అనుకుంటే, మన నేల మీద జరిగినవీ ఉన్నాయి. 1876-78 మధ్య మద్రాసు రాజధానిని మహాకరువు పట్టుకుంది. అప్పుడు ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఉండేవారు. మిషనరీ కాకముందు ఆయన భూములు కొలిచే సర్వేయరు. ఆ పాత విద్యే అక్కరకొచ్చింది. ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకున్నారు. ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చి కూలి చెల్లించారు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది చెప్పులు కుట్టి, తోళ్ల పని చేసి బతికే మాదిగ కుటుంబాలవారు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ కరువు పని నడిచినంత కాలం ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు.

మెదక్ చర్చి కథ చాలామందికి తెలుసు. కరువు రోజుల్లో చార్లెస్ వాకర్ పాస్నెట్ జనానికి ఊరికే తిండి పెట్టకుండా, పని కల్పించి తిండి పెట్టాలనుకున్నారు. 1914లో మొదలైన నిర్మాణం పదేళ్లు సాగింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. ఇవాళ 175 అడుగుల ఆ గోపురం దగ్గర సెల్ఫీ దిగేవాళ్లు చూస్తున్నది అప్పటి కూలీల చెమటనే.

రెండు చోట్లా ఆకలితో ఉన్న మనిషి చెయ్యి చాచి నిలబడే అవసరం రాలేదు. సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు తన కష్టం తాను పట్టుకెళ్లాడు.

పని దొరకకపోవడం తప్పా?

ఇక్కడ ఒక మెలిక ఉంది. పనికి అంత గౌరవం ఉంటే, పని లేనివాడికి గౌరవం లేదా? తగరపువలసను ఆనుకునే ఉన్న చిట్టివలస జూట్ మిల్లు 2009లో మూతపడింది. ఉదయం వెళ్లి పని చేయడానికి సిద్ధంగా ఉన్న చేతులే ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి. అది ఆ కార్మికుల సోమరితనం కాదు కదా!

మత్తయి సువార్తలో ద్రాక్షతోట యజమాని కథ ఇదే చెబుతుంది. సాయంత్రం ఐదు గంటలకు కూడా సంతలో కొందరు నిలబడే ఉన్నారు. ఎందుకంటే వాళ్లనెవరూ పనికి పిలవలేదు. యజమాని వాళ్లని తిట్టలేదు, నీతులు చెప్పలేదు. పనిలోకి పంపి, ఆ ఒక్క గంటకీ రోజు కూలి ఇచ్చాడు. ఎదురుచూపు నేరం కాదని ఇంతకంటే తేటగా చెప్పలేం. వెతుకుతూ నిలబడ్డవాడు సంతలో ఉన్నట్టే లెక్క. ఇంట్లో దాక్కుంటే మాత్రం ఎవరూ పిలవలేరు.

మరి మీరేం చేయాలి?

మొదటి పనిని దాచకండి. డెలివరీ, షాపులో లెక్కలు, ట్యూషన్లు... ఏదైనా సరే నిజాయతీగా చేస్తే అది పనే. ఇంటర్వ్యూలో ‘రెండేళ్లు ఖాళీ’ అనడం కంటే ‘ఇంటికి ఆసరాగా ఈ పని చేస్తూ చదువుకున్నాను’ అనడం నయం. సమయపాలన, కస్టమరుతో మాట తీరు అక్కడే నేర్చుకున్నారని ఉదాహరణలతో చెప్పండి.

అప్రెంటిస్‌షిప్‌ను తక్కువ చేయకండి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం శిక్షణ కాలంలో స్టైపెండ్ ఇవ్వాలి. విశాఖలో స్టీల్‌ప్లాంటు, షిప్‌యార్డు, నేవల్ డాక్‌యార్డు వంటి సంస్థలు నోటిఫికేషన్లు ఇస్తుంటాయి. డిగ్రీ, డిప్లొమా వాళ్లు నాట్స్ పోర్టల్‌లో, ఐటీఐ వాళ్లు అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని ఉంచుకోవాలి.

దొంగ అనుభవం కొనకండి. ‘ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టేయ్, అందరూ అదే చేస్తున్నారు’ అనే స్నేహితులు ఉంటారు. కంపెనీలు పీఎఫ్ రికార్డులు కూడా సరిచూస్తున్నాయి, దొరికిపోతే చేరాక కూడా తీసేస్తారు. దొరక్కపోయినా, చేయని పనిని చేశానని చెప్పుకుంటూ రోజూ ఆఫీసుకి వెళ్లాలి. డబ్బు కడితే ఉద్యోగమన్న ‘బ్యాక్‌డోర్’ బేరాలూ అంతే. అప్పుచేసి కట్టిన సొమ్ము పోతే నష్టం ఇంటిల్లిపాదికీ.

కూలి అడగడం దురాశ కాదు. కూలివాడి కూలి పొద్దు గుంకేలోపు ఇచ్చేయాలని పాత నిబంధన ధర్మశాస్త్రం ఆజ్ఞాపిస్తుంది. ‘సేవ అనుకుని చెయ్యి’ అంటూ నెలల తరబడి జీతం ఎగ్గొట్టే చోట అణిగిమణిగి ఉండటం భక్తి కాదు. ఆఫర్ లెటర్, జీతం వివరాలు రాతపూర్వకంగా అడగండి.

చివరగా సంఘ పెద్దలకూ ఒక మాట. వచ్చే ఆదివారం కుర్రాడు కనిపిస్తే ‘ఏం చేస్తున్నావు’ అని ఆగిపోకండి. ‘నీకు ఏ పని వచ్చు? మా ఆఫీసులో అడగమంటావా?’ అని కూడా అడగండి. క్లౌ గారు కాలువ కాంట్రాక్టు తీసుకున్నారు. మీరు ఒక ఫోన్ కాల్ చేస్తే చాలు.

కుర్రాడు మాత్రం చివరి పాట అయ్యేదాకా ఉండాలి. ‘డెలివరీ చేస్తున్నానండీ, సాయంత్రాలు పరీక్షకి చదువుకుంటున్నా’ అని తల ఎత్తి చెప్పాలి.