జాతి పరిహాసములు – కౌమార మనస్తత్వము

ఒకరి ముఖరూపమును, వర్ణమును, పుట్టిన ప్రాంతమును, భాషను పట్టి చేయు వేళాకోళమును జాతి పరిహాస మనవచ్చును. పదునాలుగు పదునైదేండ్ల ప్రాయమున గురువు మెప్పుకన్న చెలికాండ్ర మెప్పు ఎక్కువ. అందుచేత ఈ పరిహాసములను గుఱించి పిల్లలు పైకి చెప్పునది వేఱు, లోన తలచునది వేఱు.

హొసకోటె పరిసరములందు కర్మాగారములు పెరిగినకొలది దూరప్రాంతముల కుటుంబములు ఇచటికి చేరినవి. నేను తెలుగు బోధించు పాఠశాలలో అస్సామునుండి వచ్చిన బాలుడొకడు ఉండెను. తోడివారు వానిని "చైనా" యని పిలిచెడివారు, వాడును నవ్వెడివాడు. ఒకనాడు ఆటస్థలమున మా తెలుగు విద్యార్థి యొకడు, "వాడికి పేరుంది కదరా, పేరు పెట్టి పిలవండి" అనెను. ఆనాటితో వానికి "ఉపదేశి" యను బిరుదు వచ్చినది. వారము దినములు ఆటకు చేర్చుకొనలేదు.

ఆ పిల్లలను విడివిడిగ పిలిచి అడిగితిని. "జోకే కదా సార్, వాడూ నవ్వుతాడు" అనిరి కొందఱు. పెక్కుమంది మాత్రము, "నాకు నచ్చదు సార్, అందరికీ నచ్చుతుంది" అనిరి. ఇందఱును ఇట్లే చెప్పుచుండగా ఆ "అందఱు" ఎవరో నాకు బోధపడలేదు! 1931లో కాట్జ్, ఆల్పోర్టు అను అమెరికా శాస్త్రజ్ఞులు ఈ చిక్కును వివరించిరి. ప్రతివాడును లోలోపల విముఖుడై యుండియు, తానొక్కడే అట్టివాడనని భ్రమించి ఊరకుండును. ఆ మౌనమే తక్కినవారికి అంగీకారముగ తోచును. ఇక నవ్వుచుండిన ఆ బాలుని అడుగగా, వచ్చీరాని కన్నడములో, నవ్వకపోయిన ఇంకను ఎక్కువగ పిలుతురని చెప్పెను.

మన పిల్లలు ఈ బాధ నెఱుగనివారు కారు. తెలుగు అను మాటను తలక్రిందులు చేసి మనవారిని "గుల్టీ" లనుట ఇతర రాష్ట్రముల కళాశాలలలో వాడుకయే. ఆ మాటకు ఉడికిపోవు ఇండ్లలోనే "అరవ గోల" యను మాట నిత్యము వినవచ్చును. చలనచిత్రముల పాలు ఉన్నదందురు గాని, పిల్లలు మొదట నేర్చినది మనవద్దనే యని నా యభిప్రాయము.

మాటతో ఏమి పోయినదందురా? 2014 జనవరిలో ఢిల్లీ లజపతి నగరున అరుణాచల విద్యార్థి నిడో తానియా కేశములను ఎగతాళి చేయగా కలహము పుట్టినది. దెబ్బలు తిన్న ఆ యువకుడు మఱునాడు మరణించెను. పిమ్మట కేంద్రము నియమించిన బెజ్బరువా సంఘము, ఆ యేడు జూలైలో నివేదిక నిచ్చుచు, చట్టములను సవరింపవలెననియు, ఈశాన్య ప్రాంత చరిత్రను పాఠ్యాంశములలో చేర్పవలెననియు కోరెను. ఈ రెండవ సూచన మా వృత్తివారికి సంబంధించినది.

మఱి ఎదిరించిన బాలుడు చేసినది వృథాయా? 2006లో అమెరికాలో వెలువడిన పరిశోధన యొకటి దీనిని పరీక్షించినది. తమ మాటలోని పక్షపాతమును ఎత్తిచూపినవానిపై విద్యార్థులకు కోపము కలిగినది. అయినను పిదప అట్టి మాటలు వారినుండి తగ్గినవి. మా ఆటస్థలముననూ ఇంచుమించు ఇట్లే జరిగినది. రెండు నెలలు గడచునప్పటికి "చైనా" యను పిలుపు చాలవఱకు తగ్గి, అస్సాము బాలుని పేరు, తప్పు ఉచ్చారణతోనైనను, వినవచ్చుచుండెను. "ఉపదేశి" యను బిరుదు మాత్రము సంవత్సరాంతమువఱకు పోలేదు.