పది దడులు, పదమూడు సెకన్లు

2023 ఆగస్టులో చైనాలోని చెంగ్డూలో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌ను 12.78 సెకన్లలో ముగించి జాతీయ రికార్డు పెట్టింది. ఆమె విశాఖపట్నం అమ్మాయని అందరికీ తెలుసు. గుంటూరుతో ఆమెకున్న చుట్టరికం మాత్రం చాలామందికి తెలియదు. ఆమె చరిత్ర సబ్జెక్టుతో డిగ్రీకి చేరింది గుంటూరు దగ్గరి నాగార్జున నగర్‌లోని ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలోనే. తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి నాలుగిళ్లలో పనిచేసుకునే మనిషి. విశాఖ పోర్ట్ హైస్కూల్లో పీఈటీ సారు పిల్ల పొడుగు చూసి హర్డిల్స్ వైపు తిప్పారు. తర్వాత హైదరాబాద్‌లో భారత క్రీడా ప్రాధికార సంస్థ (సాయ్) కేంద్రంలో కోచ్ నాగపురి రమేశ్ దగ్గర, ఆపైన గుంటూరు సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌లో, చివరికి భువనేశ్వర్‌లో బ్రిటన్ కోచ్ జేమ్స్ హిలియర్ దగ్గర. పరుగు నేర్పడమంటే విజిల్ ఊది పరిగెత్తించడమే అనుకునేవాళ్లు ఈ వరస ఒకసారి చూడాలి.

ఈ అమ్మాయి జాతీయ రికార్డును కాళ్లతో బద్దలుకొట్టి, కాగితం మీద పోగొట్టుకుంది. అదీ రెండుసార్లు. 2002లో అనురాధా బిస్వాల్ నెలకొల్పిన 13.38 సెకన్ల రికార్డు అప్పటికి చెక్కుచెదరకుండా ఉంది. 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిదిరిలో అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయాల మీట్‌లో జ్యోతి 13.03లో వచ్చేసింది. కానీ అక్కడ ఆమెకు డోపింగ్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ ఫెడరేషన్ సాంకేతిక ప్రతినిధీ లేరు. అందుకని ఆ సమయాన్ని రికార్డు పుస్తకంలో ఎక్కించలేదు. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్ ఫెడరేషన్ కప్‌లో 13.09. ఈసారి గాలి అడ్డొచ్చింది, అడ్డురావడమంటే వెనక నుంచి తోయడం. సెకనుకు 2.0 మీటర్లకు మించి వీపు వెనక గాలి ఉంటే రికార్డు చెల్లదు. ఆ రోజు ఉన్నది 2.1. మరుసటి నెల సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23 పరిగెత్తితే గానీ పాత రికార్డు అధికారికంగా చెరిగిపోలేదు. అంతకుముందు రెండుసార్లూ అంతకన్నా వేగంగా పరిగెత్తిన మనిషే!

గాలి దెబ్బ ప్రపంచ విజేతలకూ తప్పలేదు. 2022లో అమెరికాలోని ఒరెగాన్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో నైజీరియా అమ్మాయి టోబి అముసన్ సెమీఫైనల్‌లో 12.12తో ప్రపంచ రికార్డు కొట్టింది. ఫైనల్‌లో ఇంకా వేగంగా, 12.06. అప్పుడు గాలి 2.5. బంగారు పతకం ఇచ్చారు, రికార్డు మాత్రం సెమీఫైనల్‌దే నిలిచింది.

గాలిని ఎలా కొలుస్తారో చాలామంది ఆటగాళ్లకే తెలియదు. ముగింపు గీతకు 50 మీటర్ల ముందు, ట్రాక్ పక్కన గేజి పెడతారు. 100 మీటర్ల పరుగుకైతే తుపాకి పేలిన దగ్గర్నుంచి 10 సెకన్లు, హర్డిల్స్‌కైతే 13 సెకన్లు కొలిచి సగటు తీస్తారు. మరి వేడి సంగతి? దానికి ఏ నిబంధనా లేదు. పల్నాడులోని రెంటచింతల ఎండలో 40 డిగ్రీల దగ్గర గాలి, 15 డిగ్రీల చలిలో ఉన్న గాలికన్నా దాదాపు 8 శాతం పలచగా ఉంటుంది. పలచని గాలి పరిగెత్తేవాణ్ని తక్కువగా అడ్డుకుంటుంది, కండరాలూ వేడెక్కి ఉంటాయి. లెక్క ప్రకారం మన ఎండ స్ప్రింటర్‌కు మేలే చేయాలి. కానీ ఆ ఎండలో సాధన ఎవడు చేస్తాడు? అందుకే పల్నాడులో పిల్లలు తెల్లారకముందే మైదానం చేరతారు.

ఇక గడియారం. మండల స్థాయి స్కూల్ గేమ్స్‌లో ఎలక్ట్రానిక్ టైమింగ్ ఎక్కడ దొరుకుతుంది? ఒక సారు చేతిలో చెక్క క్లాపర్, గీత దగ్గర టీచర్ల చేతుల్లో స్టాప్‌వాచ్‌లు. శబ్దం 100 మీటర్లు ప్రయాణించడానికి సుమారు 0.29 సెకను పడుతుంది. కాబట్టి చప్పుడు విని బటన్ నొక్కితే పిల్ల అప్పటికే బయల్దేరి ఉంటుంది, ఆ సమయమంతా లెక్కలోకి రాకుండా పోతుంది. తెలిసిన టైమ్‌కీపర్ చెవిని పక్కనబెట్టి కంటిని నమ్ముతాడు. రెండు చెక్కలూ కలవడం చూసి నొక్కుతాడు. పిస్టలైతే పొగ చూసి.

ఇంత జాగ్రత్తగా నొక్కినా చేతి సమయం అసలుకన్నా తక్కువే వస్తుంది. మొదట్లో బొటనవేలు ఆలస్యంగా కదులుతుంది, చివర్లో మాత్రం వస్తున్న మనిషి కళ్లముందే కనిపిస్తుంటే ముందే సిద్ధమైపోతుంది. అందుకే చేతి గడియారం మీద 12.31 కనిపిస్తే దాన్ని 12.4గా రాయాలి. ఎలక్ట్రానిక్ సమయంతో పోల్చి చూడాలంటే దానికి మరో 0.24 కలుపుకుంటారు, అంటే 12.64. జిల్లా మీట్‌లో 12.4 సర్టిఫికెట్ తెచ్చుకున్న అమ్మాయి రాష్ట్ర మీట్‌లో 12.6 చూసి బావురుమంటే, కోచ్ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాల్సిన లెక్క ఇది. నువ్వు నెమ్మదించలేదమ్మా, గడియారం నిజం చెప్పింది, అంతే.

ముగింపు గీత దగ్గర లెక్కకొచ్చేది మొండెం. తల కాదు, చాచిన చెయ్యి కాదు. 1984 లాస్ ఏంజెలెస్‌లో మహిళల 400 మీటర్ల హర్డిల్స్‌ను ఒలింపిక్స్‌లో తొలిసారి పెట్టారు. ఆ తొలిసారే పి.టి. ఉష 55.42తో నాలుగో స్థానంలో ఉండిపోయింది. మూడో స్థానానికి తేడా సెకనులో నూరో వంతు. ఛాతీ ముందుకు వంచడాన్ని విడిగా సాధన చేయించని కోచ్‌కి ఈ ఒక్క అంకె చాలు.

మొదలుపెట్టే చోటా ఇలాంటిదే ఒకటుంది. తుపాకి పేలాక 0.100 సెకను లోపు కదిలితే, చప్పుడు విని కదిలినట్టు కాదు, ఊహించి దూకినట్టే లెక్క. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనల్‌లో చైనా అమ్మాయి వూ యాన్నీ ముందే లేచింది. పక్కనే ఉన్న జ్యోతినీ మొదట తప్పుపట్టారు. వాదన అయ్యాక ఇద్దర్నీ పరిగెత్తనిచ్చి, తర్వాత వూను అనర్హురాలిగా ప్రకటించారు. మూడో స్థానంలో వచ్చిన జ్యోతికి వెండి దక్కింది. ఆ గలాటా మధ్య ఆమె సమయం 12.91. మనసు చెదరకుండా నిలబడటం కూడా నేర్పించే విద్యేనని నా నమ్మకం. దానికి ఏ మైదానంలోనూ గంట కేటాయించరు.

హర్డిల్స్ పుట్టింది గొర్రెల దొడ్డిలో. ఇంగ్లండులో మందల చుట్టూ పాతే దడుల మీంచి దూకే పందెం మెల్లగా కాలేజీ ఆటగా మారింది. తొలినాళ్లలో వాటిని నేలలో పాతేవారు, తగిలితే మనిషే పడేవాడు. 1935 ప్రాంతంలో ఇప్పటి ఎల్ ఆకారం వచ్చింది. దీని కాళ్లు రెండూ పరిగెత్తుకొచ్చే మనిషి వైపుకే చాచి ఉంటాయి. అడ్డకర్రకు తగిలితే ముందుకు ఒరిగిపోతుంది. ఒరగడానికి పైకర్ర మధ్యలో 3.6 నుంచి 4 కిలోల బలం చాలేట్టు అడుగున బరువులు సర్దుతారు. అదే హర్డిల్‌ను వెనకవైపు నుంచి దూకితే? కాళ్లు అటు తన్నిపట్టి ఉంటాయి కాబట్టి పడదు, మోకాలే పగులుతుంది. సాధనలో పది హర్డిల్సూ దాటిన పిల్లలు తిరిగొచ్చేటప్పుడు సరదాగా అటునుంచే దూకబోతారు. మైదానంలో కోచ్ గట్టిగా కేకేశాడంటే చాలావరకు అప్పుడే.

ఇంకో తమాషా. పదికి పది పడగొట్టినా, కావాలని పడగొట్టనంతవరకు అనర్హత లేదు. కానీ వెనక కాలు హర్డిల్ పక్కనుంచి, కర్ర కన్నా కిందుగా పోతే మాత్రం జెండా లేస్తుంది.

మహిళల 100 మీటర్ల హర్డిల్స్‌లో మొదటి దడి 13 మీటర్ల దగ్గర, ఆపైన ప్రతి 8.5 మీటర్లకొకటి, ఆఖరి దడి నుంచి గీతకు 10.5 మీటర్లు. ఎత్తు 83.8 సెంటీమీటర్లు, 18 ఏళ్ల లోపు అమ్మాయిలకు 76.2. మొదటి దడికి ఎనిమిది అంగలు, మధ్యలో మూడేసి అంగలు. ఈ మూడు తప్పితే నాలుగవుతాయి, నాలుగైతే దూకే కాలు మారిపోతుంది. అమెరికా ఆటగాడు ఏరీస్ మెరిట్ మొదటి దడికి ఎనిమిది అంగలు మానేసి ఏడుకు వచ్చాడు, 2012లో బ్రస్సెల్స్‌లో 110 మీటర్ల హర్డిల్స్‌లో 12.80తో ప్రపంచ రికార్డు కొట్టాడు. ఏడుకి మారాలంటే స్టార్టింగ్ బ్లాక్స్‌లో ముందు పెట్టే కాలునే మార్చాలి. ఏళ్ల అలవాటును తిరగరాయడమన్నమాట.

పిల్లల దగ్గర గొడవ వేరు. అమ్మాయిలు 12 ఏళ్ల దగ్గర, అబ్బాయిలు 14 ఏళ్ల దగ్గర ఒక్కసారిగా పొడుగవుతారు. నిన్నటిదాకా మూడు అంగలకు సరిగ్గా సరిపోయిన దూరం నేడు ఇరుకైపోతుంది. పిల్లవాడు దడి మీదకొచ్చి పడతాడు, వాడికి ఎందుకో తెలియదు. మోకాలి చిప్ప కింద నొప్పులూ ఆ వయసులోనే. అనుభవమున్న పీడీ సారు ఆ నెలల్లో దూరాలు తిరిగి కొలుస్తారు, అవసరమైతే ఎత్తు తగ్గిస్తారు. కొత్తగా వచ్చినవాళ్లకైతే అసలు హర్డిలే అక్కర్లేదు. రెండు ఇటుకల మీద అడ్డంగా వెదురుబొంగు పెట్టి, ఏడు మీటర్లకొకటి పేర్చితే చాలు. తగిలితే దొర్లిపోతుంది, భయం పట్టదు. భయపడ్డ పిల్ల దడి ముందు అంగ కుదించుకుంటుంది. ఆ అలవాటు పట్టుకుందంటే వదలదు.

మన గుంటూరు, పల్నాడు కోచ్‌కి అసలు పగవాడు నేల. పత్తికి ప్రాణమైన నల్లరేగడి పరుగుకు పనికిరాదు. ఇందులోని బంకమన్ను పొరల మధ్యకు నీరు చేరితే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుంటుంది. వానకు బూటు కింద అట్టలా అతుక్కుని కాలు కిలో బరువెక్కుతుంది. ఏప్రిల్ కల్లా మడమ ఇరుక్కునేంత నెర్రెలు. అందుకే పైమట్టి తవ్వి తీసేసి, గ్రావెల్ పోసి, రోలర్ తోలితే తప్ప మట్టి ట్రాక్ నిలవదు. దాని మీద గీతలు వేయడం మరో విద్య. 400 మీటర్ల ట్రాక్‌కు తిన్నని భాగం 84.39 మీటర్లు, వంపు వ్యాసార్ధం 36.5 మీటర్లు. లేన్ వెడల్పు 1.22. రెండో లేన్ పిల్లను ఒక రౌండుకు 7.04 మీటర్లు ముందు నిలబెట్టాలి. తాడు, మేకు, సున్నం డబ్బాతో ఈ లెక్క తప్పకుండా వేసే పీఈటీలు మన బడుల్లో ఉన్నారు, వాళ్లకెవరూ దండ వేయరు. 

ఇసుక ఉంది కదా, సూర్యలంక సముద్ర తీరానికి పోయి పరిగెత్తిస్తే? కాళ్లకు బలం వస్తుంది, నిజమే. పొడి ఇసుకలో పరుగుకు గట్టి నేల కన్నా సుమారు 1.6 రెట్లు శక్తి ఖర్చవుతుంది. కానీ మేటి స్ప్రింటర్ పాదం నేలను తాకేది సెకనులో పదో వంతు, ఇంకా తక్కువ. ఇసుకలో పాదం కూరుకుపోయి ఆ చురుకు పోతుంది. వారానికి ఒకరోజు బలానికి సరే, పోటీకి ముందు వారం మాత్రం ఆ ఛాయలకు పోకూడదు.

సంక్రాంతికీ తిరునాళ్లకూ ఒంగోలు గిత్తలు బండలు లాగే నేల ఇది. ఇక్కడ స్ప్రింటర్ నడుముకు తాడు కట్టి టైరు లాగిస్తే ఎవరూ వింతగా చూడరు. అయితే గిత్తకు బరువెక్కువైతే గొప్ప, పిల్లలకు అది తప్పు. పాత కోచ్‌ల సూత్రం ఒకటే: బరువు కట్టినప్పుడు వేగం పదో వంతు కన్నా ఎక్కువ తగ్గకూడదు. తగ్గితే టైరు మార్చు.

వయసు సర్టిఫికెట్ మీద ఫెడరేషన్‌కు నమ్మకం తక్కువ. వయో విభాగాల పోటీల్లో ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తారు. 14 ఏళ్ల లోపు పోటీలో 16 ఏళ్లవాడు గెలిస్తే, నష్టపోయేది రెండో స్థానంలో వచ్చిన అసలు పిల్లవాడు. వాడు ఆట మానేస్తాడు. ఎక్స్‌రేకు అందని ఇంకో సంగతి రక్తం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో మహిళల్లో సగానికి పైగా రక్తహీనులే. మిరపకోతలకు అమ్మ వెంట పొలం పోయి, సాయంత్రం మైదానానికొచ్చి నాలుగో రౌండుకే చతికిలబడే అమ్మాయిని బద్ధకస్తురాలని తిట్టేముందు ఒక హిమోగ్లోబిన్ పరీక్ష చేయించడం మేలు.

చివరగా మిర్చి. దూకే ఆటకూ కారానికీ సంబంధం ఉందంటే నవ్వుతారు గానీ, ఉంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్ గుర్రపు స్వారీలో నాలుగు గుర్రాలు క్యాప్సైసిన్ పరీక్షలో పట్టుబడ్డాయి. మిరపకు ఘాటునిచ్చే పదార్థమే అది. కాళ్లకు రాస్తే చర్మం మండి, కర్ర తగిలితే మరింత నొప్పి పుడుతుంది. ఆ భయానికి గుర్రం కాళ్లు ఇంకా పైకెత్తి దూకుతుందట. నార్వే జట్టు కాంస్యం కూడా కామిరో అనే గుర్రం వల్ల పోయి స్విట్జర్లాండ్‌కు దక్కింది. మనుషులకు మాత్రం క్యాప్సైసిన్ నిషేధిత జాబితాలో లేదు. కాబట్టి గుంటూరు పిల్లలు గొడ్డుకారం నిశ్చింతగా తినొచ్చు, పందెం రోజు పొద్దున తప్ప. ఆ రోజు రెండు మూడు గంటల ముందే ఇడ్లీ, చట్నీ కొంచెం చప్పగా.