దుగ్గిరాల పసుపు, మిషిగన్ కణం

విజయవాడ నుంచి తెనాలి వెళ్ళే రైలు దారిలో దుగ్గిరాల వస్తుంది. అక్కడి యార్డులో పసుపు కొమ్ములకు ఒక ధర, కాయలకు ఒక ధర. ఆ పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్ రొమ్ము క్యాన్సర్ కణాలను చంపుతుందని చెప్పే పరిశోధనా పత్రాలకు లెక్కలేదు. అవి అబద్ధాలు కావు. అయినా పసుపు ఇప్పటికీ క్యాన్సర్ మందు కాలేదు. ఎందుకో తెలియాలంటే ముందు ఆ పత్రాల వెనకున్న పరీక్ష ఎలా చేస్తారో చూడాలి.

ఆకునో వేరునో నీడన ఆరబెట్టి, పొడి కొట్టి, మిథనాల్‌లో నానబెట్టి వడకడతారు. మిథనాల్ ఆవిరైపోయాక అడుగున మిగిలే జిగురే ఎక్స్‌ట్రాక్ట్. ఇక కణాలు. మన ల్యాబులు చాలావరకు పుణెలోని నేషనల్ సెంటర్ ఫర్ సెల్ సైన్స్ నుంచి తెప్పించుకుంటాయి. వాటిలో పేరుమోసినది ఎంసీఎఫ్-7. 1970లో అమెరికాలోని మిషిగన్‌లో, రొమ్ము క్యాన్సర్ ముదిరిన ఒక క్రైస్తవ సన్యాసిని ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటిలోంచి తీసిన కణాలవి. ఆమె పోయి యాభై ఏళ్ళు దాటింది. ఆ కణాలు మాత్రం ప్రపంచమంతటా ల్యాబుల్లో ఇంకా పెరుగుతూనే ఉన్నాయి.

అరచేతిలో పట్టే ప్లాస్టిక్ ప్లేటు, అందులో 96 గుంటలు. గుంటకు కొన్ని వేల కణాలు వేసి, ఎక్స్‌ట్రాక్ట్ మోతాదు వరసగా పెంచుకుంటూ పోసి, 37 డిగ్రీల దగ్గర ఒకటి రెండు రోజులు ఉంచుతారు. ఆ తర్వాత ఎంటీటీ అనే పసుపుపచ్చ రంగుమందు కలుపుతారు. బతికున్న కణం దాన్ని ఊదా రంగు స్ఫటికాలుగా మారుస్తుంది, చచ్చిన కణం మార్చలేదు. ఊదా ఎంత చిక్కనైతే అన్ని కణాలు మిగిలినట్టు. 1983లో టిమ్ మోస్‌మాన్ ప్రచురించిన ఈ పద్ధతి చవక, తేలిక. అందుకే ఫార్మసీ, బయోటెక్నాలజీ విద్యార్థులకు ఇది కొట్టిన పిండి. సగం కణాలను అణచే మోతాదును ఐసీ50 అంటారు. అది ఎంత తక్కువైతే మందు అంత ఘాటు.

తేలికైన పరీక్షలోనే మోసం ఉంది. కొన్ని మొక్కల రసాలు కణాలేవీ లేకుండానే ఎంటీటీని ఊదాగా మార్చేస్తాయి. పసుపులాంటి వాటి సొంత రంగు కూడా లెక్కను తికమక చేయగలదు. అసలు ప్లేటులో సారా పోసినా కణాలు చస్తాయి! మామూలు కణాలను వదిలి క్యాన్సర్ కణాలనే పట్టుకుందా అన్నది తేలకపోతే ఆ పత్రానికి విలువ లేదు.

ఆ గట్టు దాటినా, ఒళ్ళు ఇంకో గట్టు. 2001లో ప్రచురితమైన తైవాన్ పరీక్షలో మనుషులకు రోజుకు 8 గ్రాముల దాకా కర్క్యుమిన్ ఇచ్చారు. రక్తంలో చేరింది సగటున అత్యధికంగా 1.77 మైక్రోమోలార్లు. ప్లేటులో పని జరగాలంటే సాధారణంగా అంతకు చాలా రెట్లు కావాలి. పసుపులో కర్క్యుమిన్ నూటికి మూడు పాళ్ళనుకుంటే, 8 గ్రాములంటే రోజూ పావుకిలోకు పైగా పసుపు తినాలి. తిన్నదాన్ని కాలేయం, పేగులు చాలావరకు మార్చి బయటికి పంపేస్తాయి.

మొక్కల నుంచి మందు రాదని కాదు. బెజవాడ ఇళ్ళ గేటు పక్కన పూసే బిళ్ళగన్నేరునే చూడండి. దాని ఆకు మధుమేహానికి పనికొస్తుందేమోనని కెనడాలో ఎలుకలకిచ్చి చూశారు. చక్కెర తగ్గలేదు, తెల్ల రక్తకణాలు పడిపోయాయి. ఆ జాడ పట్టుకుని రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ 1958 నాటికి విన్‌బ్లాస్టిన్‌ను వేరు చేశారు. దాని సంతతిలోని వినోరెల్బిన్‌ను ఇప్పుడు రొమ్ము క్యాన్సర్‌కు వాడుతున్నారు. గ్రాము విన్‌బ్లాస్టిన్‌కు వందల కిలోల ఎండుటాకు కావాలి, పైగా ఆ ఆకు విషం. కషాయం కాచుకుంటే దొరికేది మందు కాదు. పసిఫిక్ యూ చెట్టు బెరడు సేకరించింది 1962లో. అందులోని పాక్లిటాక్సెల్‌కు రొమ్ము క్యాన్సర్ మందుగా అమెరికాలో అనుమతి దొరికింది 1994లో.

ఇక ఒక జాగ్రత్త. కీమోథెరపీలో ఉన్నవాళ్ళు మిరియాల సారం కలిపిన పసుపు గుళికలు వేసుకుంటుంటే ఆ మాట డాక్టరుకు చెప్పి తీరాలి. మిరియంలోని పైపరిన్, మందులను విరిచే కాలేయ ఎంజైములను నెమ్మదింపజేస్తుంది. పాక్లిటాక్సెల్ విరగడంలోనూ ఆ ఎంజైములకు పాత్ర ఉంది.