వేసవిలో పడవ విహారము



వైశాఖమాసము వచ్చుసరికి నూజివీటి సీమలో ప్రతి లోగిలియు మామిడిపండ్ల వాసనతో నిండియుండును. ఒక మూల వరిగడ్డిలో మాగవేసిన చిన్నరసములు, మరియొక మూల బంగినపల్లి కాయల బుట్టలు. వానితోపాటు సెలవులకు వచ్చిన మనుమలు, మనుమరాండ్రు. పిల్లలకు పగలెల్ల పండ్లతో గడచును గాని, ఎండ వాలునప్పటికి వేరొక కోరిక పుట్టును. “తాతయ్యా, బెజవాడ పోయి పడవ యెక్కుదము” అందురు. ఆ కోరికను కాదనవలసిన పనిలేదు. అయితే ఏ నీటిమీద, ఏ వేళ, ఎటువంటి పడవలో అను మూడు సంగతులు మాత్రము ఇంటి పెద్దలే నిర్ణయింపవలెను. వానిని గూర్చి కొన్ని మాటలు మనవి చేయుదును.

మన ప్రాంతమునకు పడవ క్రొత్తది కాదు. సర్ ఆర్థరు కాటను దొర ఆలోచనము ననుసరించి 1852 మొదలు 1855 వరకు బెజవాడయొద్ద కృష్ణపై ఆనకట్ట కట్టబడెను. దానివలన కాలువలకు వచ్చిన నీరు పొలములను తడుపుటయేగాక పడవలను గూడ మోసెను. బెజవాడలో బయలుదేరిన పడవ ఏలూరు కాలువమీద ఏలూరు చేరి, అచ్చట గోదావరి కాలువలో ప్రవేశించి, రాజమహేంద్రవరము వరకు పోవుచుండెను. దక్షిణమునకు పోవునవి కొమ్మమూరు కాలువమీదుగా పెదగంజాము చేరి, బకింగుహాము కాలువలో పడి చెన్నపట్టణము చేరుచుండెను. గాలి అనుకూలించినప్పుడు తెరచాప యెత్తుచుండిరి; లేనప్పుడు కళాసులు గట్టుమీద నడచుచు త్రాటితో లాగుచుండిరి.

ఎత్తైన కాలువనుండి పల్లపు కాలువలోనికి పడవ దిగుట కేర్పరచిన లాకులను మీలో పలువురు చూచియుందురు. లాకనగా రెండు జతల తలుపులనడుమ నున్న నీటిగది. ఎగువ తలుపులు తెరచి పడవను గదిలోనికి రానిత్తురు. పిమ్మట వానిని మూసి, దిగువ తలుపులలోని చిన్న తూములద్వారా నీటిని మెల్లగా విడుతురు. గదిలోని నీరు దిగువ నీటికి సమమైనంతనే దిగువ తలుపులు తెరచుకొనును. పడవ కుదుపు లేకుండ సాగిపోవును. రైళ్లు, లారీలు వచ్చిన తరువాత ఈ రాకపోకలు క్రమముగా సన్నగిల్లినవి. కాకినాడనుండి పుదుచ్చేరి వరకు గల ఈ కాలువలను, వానితో కూడ కృష్ణా గోదావరుల కొన్ని భాగములను 2008లో నాలుగవ జాతీయ జలమార్గముగా ప్రకటించిరి.

ఇక వేసవి విహారమునకు తగిన నీరెక్కడ నున్నదో చూతము. వేసవిలో పంటలు లేనందునను, మరమ్మతులు చేయవలసి యున్నందునను కాలువలు కట్టివేయుట ఆనవాయితీ. కొల్లేటికి పోదమన్న, ఆ సరస్సు వేసవిలో కుదించుకొని పోవును. తాటిమ్రాకులను తొలిచి చేసిన దోనెలు తిరుగుటకు గాని, కైకలూరికడ ఆటపాకలో గూడబాతులను చూచుటకు గాని చలికాలమే అనుకూలము. కావున ఎండకాలమునకు మిగిలినది బెజవాడయొద్ద కృష్ణానది యొక్కటియే. పాత ఆనకట్టకు 1952లో గండిపడగా, 1954 మొదలు 1957 వరకు దానికి ఎగువన కొత్త బ్యారేజి కట్టి, టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టిరి. డెబ్బది గేట్లు గల ఆ బ్యారేజి వెనుక నీరు చెరువువలె నిలిచియుండుటచేతనే అచ్చట వేసవిలో సైతము పడవ నడచును. ఆ నీటినడుమ 133 ఎకరముల భవానీ ద్వీపము కలదు. పున్నమి ఘాటునుండియు, బెరం పార్కునుండియు దానికి పడవలు పోవును. ఇంకను ఎగువన ఇబ్రహీంపట్నముకడ పవిత్ర సంగమము. పట్టిసీమ ఎత్తిపోతలద్వారా 2015లో గోదావరి నీరు కృష్ణలో కలిసిన చోటు.

ఆ విహారములోని సుఖము అనుభవించినవారికే తెలియును. రేవు విడిచిన కొంతసేపటికే బజారు రొద వెనుకబడును. ఒకవైపున ఇంద్రకీలాద్రి, ఎదుట పచ్చని లంక, క్రింద నీటి చప్పుడు. నీటిమీదుగా వచ్చు గాలి ఒడలికి చల్లగా సోకును. మనుమడు నీటిలో చేయి ముంచవలెనని వంగును. తాతగారు వాని నడుము పట్టుకొని, తమ చిన్ననాటి పడవప్రయాణము చెప్పనారంభింతురు. ఇట్టి సాయంకాలము పిల్లలకు పదికాలములు జ్ఞాపకముండును.

అయితే ఈ నీటిమీదనే 2017 నవంబరు 12వ తేదీన, కార్తికమాసపు ఆదివారమునాడు, విహారమునకు వచ్చినవారి పడవ పవిత్ర సంగమము సమీపమున బోల్తాపడి ఇరువదిమందికి పైగా మరణించిరి. ఆ పడవకు అనుమతి లేదు. ప్రయాణికులకు లైఫ్ జాకెట్లు లేవు. 2019 సెప్టెంబరు 15న, వరద గోదావరిలో కచ్చులూరువద్ద పాపికొండలకు పోవు పడవ మునిగి నలుబదిమందికి పైగా గతించిరి. సరదాగా బయలుదేరిన కుటుంబములు ఏడ్చుచు ఇండ్లకు మరలినవి. కావున పడవ యేల మునుగునో మనము తెలిసికొనవలెను.

పడవ తన బరువునకు సమమైన బరువుగల నీటిని ప్రక్కకు నెట్టి తేలియుండును. మనుష్యులు ఎక్కినకొలది అది మరికొంత దిగును. అంచునకును నీటికిని గల దూరము తగ్గును. ఆ దూరము చాలకున్న చిన్న అలయే లోపలికి వచ్చును. నిండుకుండ తొణకదను సామెత కుండకు చెల్లును గాని, నిండిన పడవ తొణకెనా మునుగును. రెండవది తూకము. కావడి మోయువాడు రెండుప్రక్కల బరువు సరిచూచుకొనిగాని లేవడు. పడవలోనివారందరు ఏదో వింత చూచుటకో, ఫోటో తీసికొనుటకో ఒక్కప్రక్కకు పోయిన, కావడి ఒరిగినట్లే పడవ ఒరుగును. లేచి నిలుచుటయు అపాయమే. ఎత్తుగా గడ్డి వేసిన బండి చిన్న గతుకులోనే పడిపోవుట మనము చూచినదే కదా! బరువు పైకి పోయినకొలది నిలుకడ తగ్గును. కూర్చుండుటచే బరువు క్రిందికి దిగును.

మూడవది గాలి. దీనిని గూర్చి నూజివీటి తోటలవారికి పట్టణవాసులు చెప్పవలసినది లేదు. మే నెలలో మధ్యాహ్నమంతయు ఆకు కదలదు. మూడు గంటలు దాటిన పిమ్మట ఒక దిక్కున నల్లని మబ్బు గోపురమువలె లేచును. అకస్మాత్తుగా చల్లని గాలి తగులును. అరగంటలో ఏడాది కష్టమంతయు చెట్లక్రింద రాలిపడియుండును. కారణ మిది. కాగిన నేలనుండి వేడిగాలి మిక్కిలి ఎత్తునకు పోయి మబ్బుగా మారును. దానినుండి వాన కురియునప్పుడు, వానతోపాటు చల్లబడిన బరువైన గాలి వేగముగా క్రిందికి దిగి నేలమీద నలుదెసలకు వ్యాపించును. అందువలన వానకంటె గాలి ముందు వచ్చును. తోటలో దానిని చెట్లు కొంత ఆపును. నదిమీద ఆపునది ఏదియు లేదు. కాయలను రాల్చు గాలియే పడవను బోల్తాకొట్టించును. పైగా బయలు నీటిమీద పడవలోని మనిషియే ఎత్తైనవాడగుటచే పిడుగు భయము గూడ కలదు.

కావున తోటలో మబ్బును చూచి కోతగాండ్రను చెట్టు దిగుమని హెచ్చరించు పెద్దయే రేవులోను పెద్దరికము వహింపవలెను. వేసవిలో ఉదయము రేవు తెరచిన వెంటనే పోవుట మేలు. అప్పుడు గాలివాన భయము తక్కువ. సాయంకాలమే పోదలచిన, ముందు ఆకాశమును నాలుగు దిక్కుల చూడుడు. దూరమున మెరుపు కనబడినను, అకాలపు చల్లగాలి తగిలినను, టిక్కెట్టు సొమ్ము పోయినను సరే, ఆగుడు. నదినడుమ నుండగా మబ్బు లేచిన, సరంగుతో చెప్పి దగ్గరి ఒడ్డునకు పట్టించుడు.

పడవ యెక్కుటకు ముందు మరి మూడు విషయములు చూడవలెను. మొదటిది, పడవమీద రిజిస్టరు సంఖ్యయు, ఎందరు ఎక్కవచ్చునో ఆ సంఖ్యయు వ్రాసియున్నవా? దేశీయ జలనౌకల చట్టము 2021లో క్రొత్తగా వచ్చినది. యంత్రపు పడవలకు రిజిస్ట్రేషను, తనిఖీ పత్రము అవసరమని అందు కలదు. కచ్చులూరు దుర్ఘటన తరువాత మన రాష్ట్రమున తొమ్మిది చోట్ల పడవల నియంత్రణ గదులను 2020లో తెరచిరి. వానిలో బెరం పార్కుది యొకటి. సందేహము కలిగిన అట్టి చోట అడుగుట మన హక్కు. రెండవది, ప్రతివారికి లైఫ్ జాకెట్టు ఉన్నదా? దానిని ఒడిలో పెట్టుకొనిన ప్రయోజనము లేదు. కట్లన్నియు బిగించి తొడుగవలెను. పిల్లలకు పిల్లల కొలతదే కావలెను, పెద్దది మెడనుండి జారిపోవును. పెద్దవారు ముందుగా తొడుగుకొనిన పిల్లలు మారాము చేయరు. మూడవది, ఎక్కుట దిగుట. పడవను రేవునకు కట్టినపిదప ఒక్కొక్కరుగా ఎక్కి, నడుమ అడుగుపెట్టి, వెంటనే కూర్చుండవలెను.

పడవ కట్టుట చిన్న పనిగా కనబడును గాని కాదు. 2024 సెప్టెంబరు మొదట కృష్ణకు మహావరద వచ్చినప్పుడు, ఎగువనుండి పడవలు కొట్టుకొనివచ్చి ప్రకాశము బ్యారేజి గేట్లను గ్రుద్దుకొనగా అచ్చటి కట్టడమునకు నష్టము వాటిల్లెను. మనుష్యుడు లేని పడవయే అంత పనిచేసినప్పుడు, మనుష్యులతో నిండిన పడవకు ఎంత జాగ్రత్త కావలెనో మీరే యోచింపుడు.

పిల్లలను నీటికి దూరము చేయుమని నా యుద్దేశము కాదు. నీటిని చూడని పిల్లవానికి నీటి మర్యాద తెలియదు. వారిని తీసికొనిపొండు, కృష్ణను చూపుడు, లాకుల కథ చెప్పుడు. కాయ ముగ్గువరకు ఓపికపట్టుట మనకు పుట్టుకతో వచ్చిన విద్య; గాలి తగ్గువరకు రేవులో కూర్చుండుట మనకు కష్టము కానేరదు. సెలవు.