డీఏపీ బస్తాలో రెండు కిలోల హైడ్రోజన్

టెక్కలిలో మా ఎరువుల కొట్లో డీఏపీ బస్తా 1,350 రూపాయలు. యాభై కిలోల ఆ బస్తాలో నూటికి 18 పాళ్లు నత్రజని, అంటే తొమ్మిది కిలోలు. అంత నత్రజని రావాలంటే దాదాపు పదకొండు కిలోల అమ్మోనియా కావాలి. ఆ అమ్మోనియాలో సుమారు రెండు కిలోలు హైడ్రోజన్. హైడ్రోజన్ అనగానే కార్లూ రాకెట్ల బొమ్మలు వేస్తారు గానీ, మన దేశంలో ఈ సరుకు దాదాపుగా ఖర్చయ్యేది రెండు చోట్లే: చమురు శుద్ధి కర్మాగారాల్లో, ఎరువుల కర్మాగారాల్లో. అందుకే ఎరువులు అమ్ముకునే నేను ఈ కబురు ఎత్తుకున్నాను.

భావనపాడు పక్కన మూలపేట పోర్టుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. అప్పట్నుంచీ కొట్టుకొచ్చే రైతులకు ఫ్యాక్టరీల మీద ఆశ పుట్టింది. “ఏటి మావా, ఆ హైడ్రోజను ఫేక్టరీ మన భావనపాడు కాడికి రాదేటి? పూడిమడక ఎల్పోనాదట గదా!” అంటాడు ఒకడు. పూడిమడక సంగతి నిజమే. ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరి 8న విశాఖలో ప్రధాని శంకుస్థాపన చేశారు. అంచనా 1.85 లక్షల కోట్లు, రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ లక్ష్యం. కాకినాడలోనూ ఏఎం గ్రీన్ సంస్థ ఏటా పది లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియాకు సిద్ధమవుతోంది. మావాడికి నేనిచ్చే జవాబు మాత్రం ఎప్పుడూ ఎదురు ప్రశ్నే: “తయారుచేస్తారు సరే, కొనేవోడెవడ్రా?”

కేంద్ర మంత్రివర్గం 2023 జనవరి 4న 19,744 కోట్లతో జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించింది. 2030 కల్లా ఏటా 50 లక్షల టన్నులు తయారుచేయాలని లక్ష్యం. అదే ఏడాది మన రాష్ట్రమూ ఒక విధానం ప్రకటించింది, 2024లో సమగ్ర క్లీన్ ఎనర్జీ పాలసీ వచ్చింది. పన్ను వాపసు, సుంకం మినహాయింపు లాంటివన్నీ తయారుచేసేవాడి కోసం. ఇండెంటు లేకుండా సరుకు దింపితే ఏమవుతుందో ఏ వ్యాపారినడిగినా చెబుతాడు. హైడ్రోజన్ విషయంలో అది మరీ ఇబ్బంది. అన్నిటికంటే తేలికైన వాయువు. నిల్వ చేయాలంటే విపరీతమైన ఒత్తిడితో కుక్కాలి, లేదా మైనస్ 253 డిగ్రీలకు చల్లార్చి ద్రవం చేయాలి.

పైగా ఖరీదు. గ్రీన్ అంటే ఎండ, గాలి కరెంటుతో నీటిని విడగొట్టి తీసేది; అలా కిలో హైడ్రోజన్ తీయడానికి యాభై యూనిట్ల పైనే పడుతుంది. అంటే నా కొట్లోని ఒక్క డీఏపీ బస్తా వెనక వంద యూనిట్లు. మా పక్క చిన్న ఇంట్లో నెలంతా దాదాపు అంతే కాలుతుంది. సహజ వాయువు నుంచి తీస్తే చవక, కానీ కిలోకి తొమ్మిది పది కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. ఈ రెంటి ధరల మధ్య తేడా ఎవరు భరించాలి? పాలసీ అంటే నా దృష్టిలో ఈ ప్రశ్నే. రైతు భరించలేడు. ప్రభుత్వం కిలోకి మొదటి ఏడాది గరిష్ఠంగా 50, తర్వాత 40, ఆపైన 30 రూపాయలు ఇస్తానంది. నాలుగో ఏడు ఫ్యాక్టరీ సొంత కాళ్ల మీద నిలబడాలి.

ఆ కాళ్లు ఎక్కణ్నుంచి వస్తాయో 2025 వేలంలో కొంచెం కనబడింది. ప్రభుత్వ సంస్థ సెకీ ముందుగా కొనేవాళ్లను పోగుచేసింది: పదమూడు ఎరువుల కర్మాగారాలు, ఏటా 7.24 లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియా, పదేళ్ల ఒప్పందం. ఆ తర్వాతే “ఎంతకిస్తారు?” అని తయారీదార్లను అడిగింది. మనకు ఉత్తరాన ఒడిశాలోని పారాదీప్ కర్మాగారానికి కిలో 55.75 రూపాయల ధర పలికింది, అదే మొదటి వేలం. నా లెక్కలో బస్తాకు 610 రూపాయల అమ్మోనియా. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో దిగుమతి అమ్మోనియా ధర ఎలా ఎగిరిందో చూసినవాడిని, పదేళ్లు కదలని ధరకు విలువ ఉందంటాను. చేతిలో అంత ఒప్పందం ఉంటే బ్యాంకువాడు అప్పూ ఇస్తాడు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు నచ్చిన పని ఇదొక్కటే.

వేలంలో యూరియా ఎందుకు లేదని అనుమానం రావచ్చు. యూరియాకు అమ్మోనియాతో పాటు కార్బన్ డయాక్సైడూ కావాలి, అది సహజ వాయువు నుంచే వస్తుంది. గ్రీన్ అమ్మోనియా తెచ్చినంత మాత్రాన ఆ ఫ్యాక్టరీకి సరిపోదు. డీఏపీ, కాంప్లెక్స్ ఎరువులు చేసేవాళ్లకు ఆ బాధ లేదు.

“గ్రీన్” అని పేరుంటే సరిపోదు, తూకమూ ఉండాలి. కిలో హైడ్రోజన్‌కు రెండు కిలోలకు మించి కార్బన్ డయాక్సైడ్ రాకూడదని 2023లో ప్రమాణం పెట్టారు. మంచిదే. బొగ్గు కరెంటు ఎక్కువగా ఉండే గ్రిడ్ నుంచి తీసి చేస్తే ముప్పై కిలోలు దాటిపోతుంది, సహజ వాయువే నయం అనిపిస్తుంది.

ఇక నీళ్లు. రెండు కిలోల హైడ్రోజన్‌కు రసాయన లెక్కలో పద్దెనిమిది లీటర్లు, అంటే ఉద్దానంలో ఇంటింటా కొనుక్కునే ఇరవై లీటర్ల క్యాన్ ఇంచుమించు ఖాళీ. శుద్ధిలో పోయేది, చల్లార్చడానికి వాడేది కలిపితే ఇంకా ఎక్కువ. కిడ్నీ జబ్బుకు కారణం ఇంకా పూర్తిగా తేలని ప్రాంతం ఇది. హిరమండలం నుంచి పైపుల్లో వంశధార నీళ్లు 2023 డిసెంబర్‌లో గానీ రాలేదు. ఆ పైపుకు ఏ ఫ్యాక్టరీ గొట్టమూ తగిలించకూడదని జీవోలోనే రాయాలి. సముద్రపు నీటిని శుద్ధి చేసుకోవచ్చు, హైడ్రోజన్ ఖర్చులో అది చిన్న వాటా. కానీ ఉప్పు తీశాక మిగిలే చిక్కటి ఉప్పునీరు ఎక్కడికి పోతుంది? భావనపాడు ఒడ్డున వలలు బాగుచేసుకునేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే.

ఇక్కడ ఆలస్యంగా అడిగితే ఏమవుతుందో కాకరాపల్లి చూసింది. తంపర అనే చిత్తడి భూముల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని ఊళ్లు తిరగబడ్డాయి. 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ఆ థర్మల్ కేంద్రం పూర్తి కాలేదు. హైడ్రోజన్‌కు బొగ్గు బూడిద లేకపోవచ్చు, భూమి మాత్రం కావాలి, దానికిచ్చే కరెంటుకు సోలార్ పలకల కింద ఇంకా బోలెడు కావాలి.

మూలపేటకు ఇలాంటిది వస్తానంటే నేను కాదనను. అయితే టెండరు పిలవకముందే మూడు కాగితాలు సంతబొమ్మాళి మండలాఫీసు గోడకు అంటించాలి: కొనేవాడితో పదేళ్ల ఒప్పందం, నీళ్లు ఎక్కణ్నుంచో, ఉప్పునీటి గొట్టం సముద్రంలో ఎంత దూరాన వదులుతారో చూపించే పటం. మూడోది వేటకెళ్లేవాళ్లను కూర్చోబెట్టి గీయించాలి, ఎక్కడ చేప పడుతుందో వాళ్లకే తెలుసు.